పదిహేనో కిటికీ

మార్చి 3, సోమవారం. విమానంలో

నాకు కోపం లేదు. ఈ మాట ఇంట్లో ఎవరితో అన్నా "అదిగో, మళ్లీ కోపం" అంటారు. ఇక నేనేం అనాలి?

ఈ రోజు అమ్మ చేసిన పని రాసిపెట్టుకోవాలి. లేకపోతే నాలుగు రోజులు పోయాక నేనే మెత్తబడి, పోనీలే అమ్మ కదా అనుకుంటాను. విమానాశ్రయం గుమ్మంలో, మా సార్ చూస్తుండగా, క్లాసువాళ్లంతా చూస్తుండగా, నా చేతిలోంచి పాస్‌పోర్టు తీసుకుని అక్క చేతిలో పెట్టింది. "నీ దగ్గర ఉంచు తల్లీ. ఇది ఏ విసురులో ఎక్కడ పడేస్తుందో." నాకు ఇరవై రెండేళ్లు. ఇంతవరకూ ఒక్క గొడుగు కూడా పోగొట్టలేదు. మా ఇంట్లో గొడుగులు పోగొట్టేది నాన్న. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు, నెమ్మదిగా పోగొడతాడు కాబట్టి.

అక్క అంటే పెద్దమ్మ కూతురు. నాకంటే నాలుగు నెలలు పెద్దది. ఆ నాలుగు నెలల్ని ఇరవై రెండేళ్లుగా వాడుతోంది. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే క్లాసు, ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. ఇప్పుడు ఒకే విమానం, పక్కపక్క సీట్లు. కిటికీ సీటు నాది. "నీకు తల తిరుగుతుంది కదే" అంటూ అందులో తను కూర్చుంది. నాకు తల తిరిగింది ఆరో తరగతిలో, అదీ బస్సులో.

ఇంట్లో నన్ను చిటపట అంటారు. కాగిన నూనెలో పడ్డ ఆవగింజల్లా అని. పేరు పెట్టింది మామయ్య. నాకప్పుడు ఏడేళ్లు. ఆయన చెప్పిన హాస్యానికి అందరూ పడీపడీ నవ్వుతుంటే నేను "ఇది పోయినసారి కూడా చెప్పావు మామయ్యా" అన్నాను. అంతే. చూసింది చెప్తే కోపిష్టిది. అక్క కూడా అన్నీ చూస్తుంది, పైకి అనదు. అందుకని ఆమె బంగారం.

నేను అలిగి ఈ ట్రిప్పుకి వెళ్తున్నానని మా వాళ్ల నమ్మకం. ఎవరి మీద అలిగానో వాళ్లకీ తెలియదు. అసలు సంగతి వేరు. రెండు వారాలయ్యాక అందరూ తిరిగొచ్చేస్తారు. ఒక్కరిని మాత్రం అక్కడి కాలేజీవాళ్లు నాలుగు నెలలు ఉంచుకుంటారు, పాత కట్టడాలు బాగుచేసే పని నేర్పడానికి. ఎవరిని ఉంచాలో సార్ చెప్తాడు. ఆ ఒక్కరూ నేనే కావాలి. ఏ అక్కా పక్కన లేని నాలుగు నెలలు.

అదే రోజు

దిగాం. చలి పళ్లలోకి దిగుతోంది. పాస్‌పోర్టులు చూసేచోట అక్క తనదీ నాదీ కలిపి అద్దం కిందినుంచి లోపలికి తోసింది. లోపలి మనిషి నావైపు గడ్డం ఎగరేసి, ఆమెను అడిగాడు: "ఈ అమ్మాయికి మాటలు వచ్చా?"

మార్చి 4, మంగళవారం. మధ్యాహ్నం

గదిలో రెండు మంచాలు, ఒక బీరువా, ఒక కుర్చీ. ఒకే తాళంచెవి. తాళాలు పంచే ఆవిడ మా ఇద్దరినీ కిందినుంచి పైదాకా చూసి చెవి అక్కకిచ్చింది. ఏ దేశంలోనైనా తాళాలు ఇచ్చేవాళ్లకి అక్క మొహం చూస్తే చాలు. గోడమీద పదహారు నియమాలు అంటించారు. పదకొండోది: వేడినీళ్లు మనిషికి ఆరు నిమిషాలు. అక్క ఎనిమిది వాడింది. లెక్కపెట్టాను. కోపంతో కాదు, గడియారం ఎదురుగా ఉంది.

వీధిలో ఇళ్లన్నీ భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి. లోపలికి రమ్మనే మొహం ఒక్కదానికీ లేదు. ఒక కొట్టు తలుపు మీద కుక్క బొమ్మ, దానిమీద ఎర్రటి అడ్డగీత. మేం గుంపుగా పోతుంటే కొట్టతను ఆ బొమ్మనీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు, బొమ్మ మార్పించాలా అన్నట్టు.

మా పని ఒక పాత బడిలో. పంతొమ్మిదేళ్లు మూసి ఉంచిన బడిని ఇప్పుడు గ్రంథాలయం చేస్తున్నారు. మూడు అంతస్తులు, ముప్పై ఒక్క కిటికీలు. ఒకదాని కొలత ఇంకోదానికి లేదు. కట్టిన మేస్త్రీ కంటితోనే కొలిచి కట్టాడట, ఆ కళ్లు రోజుకో రకంగా ఉండేవేమో. పాత చట్రాలు పుచ్చిపోతే పీకేశారు. ఇప్పుడు ఒక్కో ఖాళీని కొలిచి కాగితం మీద పెట్టడం మా పని. ఆ కాగితం చూసి చెక్క కోసి చట్రాలు బిగించడం వడ్రంగామె పని.

ఆవిడకి అరవై దాటాయి. తుంటి అరిగి కుంటుతుంది, పరంజా ఎక్కలేదు. అందుకే మా కాగితం. ఆవిడకీ నాకూ మధ్య ఉన్నది ఇద్దరికీ సగం సగం వచ్చిన భాష. ఇక్కడ మన మాటల్లో రాసుకుంటున్నాను.

"కొలతలు చదివేది నువ్వా?"

"నేనే."

"గట్టిగా చదువు. గొణిగేవాళ్ల వల్ల నా చెక్క చాలా పొయ్యిలోకి పోయింది."

చెక్క అంటే ఆ బడి నేలకింద వందేళ్లున్న దూలాలే. ఒక్కో మేకూ పీకి, సుద్దతో అంకె వేసి, వెనక షెడ్డులో పేర్చుకుంది. "ఇంత ముదురు చెక్క ఇప్పుడు ఏ అడవిలోనూ లేదు. ఉన్నది ఇదే. ముప్పై ఒక్క కిటికీలకి సరిగ్గా వస్తుంది. నేను కూర్చునే పీటకి కూడా మిగలదు" అంది, చెక్కని గేదె వీపు నిమిరినట్టు నిమురుతూ.

సార్‌కి మేం పెట్టిన పేరు చూద్దాం సార్. ఏమడిగినా "చూద్దాం." లేజర్ మీటర్ ఒకటే ఉంటే దాన్ని గదులు కొలిచే జట్టుకిచ్చాడు. మాకు కాలేజీ స్టోర్సులోంచి మోసుకొచ్చిన టేపు. దాని చివరి కొక్కెం ఊడిపోయింది, మొదటి అంగుళం నలిగిపోయింది, సున్నా ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కొత్తది కొందాం అంటే "సంతకం పెట్టి తెచ్చానమ్మా, వాడకుండా తిరిగిస్తే అడుగుతారు" అన్నాడు. అందుకని పద్ధతి ఏమిటంటే, సున్నాకి బదులు పది సెంటీమీటర్ల గీతని గోడకి ఆనించాలి. వచ్చిన అంకెలోంచి పది తీసెయ్యాలి.

పొడుగు (మా క్లాసువాడు, ఆరడుగుల రెండంగుళాలు) పది గీతని ఆనించి పట్టుకుంటాడు. నేను రెండో చివర టేపు మీద ఏముంటే అది చదువుతాను. అక్క పది తీసేసి రాస్తుంది. 122 అంటే 112. ఈ లెక్కకి ప్రతిసారీ పెదవులు కదుపుతుంది.

పొద్దున్నించి పద్నాలుగు కిటికీలు. ఇప్పుడు మెట్లమీద కూర్చుని రాస్తున్నాను. ఎండ మోకాళ్ల వరకూ వచ్చింది. బాగుంది.

అదే రోజు, సాయంత్రం

మంచం మీద రాస్తున్నాను. ఉన్న ఒక్క కుర్చీలో అక్క కూర్చుని కొలతల కాగితం ఫెయిర్ చేస్తోంది.

బాగుంది అని రాసి పుస్తకం మూశానో లేదో, మెట్ల కిందినుంచి ఆమె గొంతు. ఫోన్లో ఇంటికి మాట పంపుతోంది. నేను పైమెట్టు మీదే ఉన్నానని చూసుకోలేదు. "పిన్నీ, బాగానే ఉంది. కాస్త చిటపటలాడుతోంది, చలి కదా. నేను చూసుకుంటాలే. ఆ నాలుగు నెలల సంగతి సార్‌తో అనేశాను. దాని పేరు మాత్రం పెట్టకండి సార్, ఒక్కతీ ఉంటే ఎవరో ఒకరితో గొడవేసుకుంటుంది అని. నువ్వు బెంగపెట్టుకోకు."

దిగి వెళ్లాను. అందరూ అక్కడే తింటున్నారు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"పిన్నే చెప్పమంది."

"నన్నడిగిందా?"

"నిన్నడిగితే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను!"

"మరి అదేగా నేను సార్‌తో చెప్పింది."

అందరూ నవ్వారు. పొడుగు మెతుకు పొలమారేలా నవ్వాడు. సార్ నవ్వు దాచుకోడానికి సీసా ఎత్తి నీళ్లు తాగాడు, చాలాసేపు తాగాడు. నా సంగతేమిటి సార్ అని అడిగాను. సీసా దించి "చూద్దాం" అన్నాడు.

మధ్యాహ్నం మిగతా పదిహేడు కిటికీలు. ఆమెతో అంకెలు తప్ప ఇంకో మాట లేదు. పదిహేనో దాన్నుంచి పది నేనే తీసేసి చదివాను. ఆ పెదవులు కదపడం చూడలేక. ఇకనుంచి నేనే తీసేస్తాను అని ఆమెకి చెప్పాను. అప్పుడు ఫోన్ చూసుకుంటోంది. చెప్పాను.

ఇప్పుడే ఆమె భుజం మీదుగా కాగితం కనిపించింది. ఇరవయ్యో కిటికీ, వెడల్పు 102. నేను చదివింది 112. అంటే ఆమె మళ్లీ తీసేసింది.

చదవడానికి నేనున్నాను. రాయడానికి ఆమె ఉంది. సరిచూడడానికి సార్ ఉన్నాడు.

మార్చి 5, బుధవారం. బస్సులో

ఈ రోజు కిటికీలు లేవు. ఇటుకల కర్మాగారం చూడ్డానికి తీసుకెళ్తున్నారు. బస్సు ఎక్కగానే సార్ కొలతల కాగితం తొడమీద పెట్టుకుని సంతకం చేశాడు. ఈసారి చూద్దాం అనలేదు, చూడనూ లేదు. దారిలో ఆగి వడ్రంగామెకి ఇచ్చేశాం.

చెప్పాను. గట్టిగానే చెప్పాను. పొడుగు కూడా వినే ఉంటాడు.

అదే రోజు

పొడుగుని అడిగాను. "నేను అవతల గోడకి బల్లిలా అతుక్కుని ఉన్నాను. మీ అక్కాచెల్లెళ్లు ఏం తిట్టుకున్నారో నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

తిట్టుకోలేదు అన్నాను.

"అదే భయమేసింది" అన్నాడు.

అదే రోజు, నాలుగు గంటలకి

కర్మాగారం నుంచి వచ్చాక అందరూ బజారుకి పోయారు. నేను షెడ్డుకి వెళ్లాను. ఏదో చెప్పాలని కాదు. ఊరికే.

వడ్రంగామె నా చేతికి చిత్రిక ఇచ్చి ఒక తుండు చెక్క మీద తోయమంది. నేను తోస్తే ముక్కలు ముక్కలుగా లేచింది. తను తోస్తే పొట్టు రిబ్బను చుట్టలా వచ్చి చేతిమీద వాలింది. "బలంతో కాదు. బరువుతో" అంది. ఇంకో పదిసార్లు తోశాక ఒక చిన్న చుట్ట వచ్చింది. దాన్ని ఈ పుస్తకంలో పెట్టుకున్నాను.

"ఈ బడికి మెట్లెన్నో తెలుసా?" అని ఎందుకో అడిగింది.

"యాభై నాలుగు. రెండో అంతస్తులో ఒకటి పగిలింది, దాన్నీ లెక్కేస్తే యాభై నాలుగు."

"నీకన్నీ గుర్తుంటాయే!"

"మా ఇంట్లో దాన్ని కోపం అంటారు."

పకపకా నవ్వింది. "నాకూ కోపిష్టిదనే పేరు ఇక్కడ."

"మరి, కాదా?"

"ఎందుకు కాదు? కోపిష్టిదాన్నే. నలుగురు పనివాళ్లని తరిమేశాను. వాళ్లలో ఇద్దరిని తరమాల్సిందే." చెక్క మీది పొట్టు ఊదేసింది. "మిగతా ఇద్దరికీ మళ్లీ కబురు పెట్టాలి. పెట్టలేదు."

నాకు ఆవిడ నచ్చింది. ఇక్కడికి వచ్చాక నచ్చిన మొదటి మనిషి. సార్ ఎంచిన ఒక్కరూ నాలుగు నెలలు పని నేర్చుకునేది ఈ షెడ్డులోనేనట.

రేపటికి రెండు చట్రాలు బిగిస్తానంది. మూడోది, కింద గుమ్మం పక్కన ఉంది కాబట్టి. ఇరవయ్యోది, పైనుంచి వాన కొడుతోంది కాబట్టి. బల్లమీద మా కాగితం పరిచి ఉంది. అక్క అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఇరవై దగ్గర 102.

చెప్పబోయాను. రంపం మోతలో ఆవిడకి వినిపించేది కాదు.

అదే రోజు

రంపం అప్పటికి ఆగిపోయింది.

మార్చి 6, గురువారం. మధ్యాహ్నం

పొద్దున పదింటికి చట్రాలు ఎక్కించారు. మూడోది డబ్బా మీద మూతలా కూర్చుంది. వడ్రంగామె పిడికిలితో రెండుసార్లు కొట్టి "అబ్బ" అంది. అక్క మొహం వెలిగిపోయింది, తనే పుట్టించినట్టు.

ఇరవయ్యోదాన్ని ఇద్దరు మనుషులు పరంజా మీదికి ఎత్తి ఖాళీలో పెట్టారు. ఒక పక్క గోడకి ఆనించేసరికి రెండో పక్క వెలుతురు కనిపించింది. నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంది ఆ గోడలో ఆ చట్రం. నేను ఎక్కి అరచెయ్యి అడ్డంగా పెట్టి చూశాను. చెయ్యి పట్టింది, ఇంకా సందు మిగిలింది. పది సెంటీమీటర్లు. నాకు కొలవక్కర్లేదు.

కింద వడ్రంగామె ఏమీ అనలేదు. కోపిష్టి మనిషి ఏమీ అనకపోవడం నేను మొదటిసారి చూశాను.

కాసేపటికి బడి పని చూసే ఇంజినీరు వచ్చాడు. సన్నటి మనిషి, సన్నటి ఫైలు. సందు చూశాడు, మా కాగితం చూశాడు. "ఎవరి రాత ఇది?"

"నాదే" అంది అక్క. కాగితం పుచ్చుకుని ఇరవై దగ్గర వేలు పెట్టింది. పెదవులు కదిలాయి. తర్వాత నావైపు తిరిగింది. మంగళవారం నుంచి మొదటిసారి.

"ఏమే, నువ్వు తీసేసి చదివావా?"

"అవును."

"తీసేది నేను అనుకున్నాం కదే?"

"తర్వాత మార్చాను. చెప్పాను నీకు. నువ్వే ఫోన్ చూసుకుంటున్నావు."

అందరూ వింటున్నారు. అక్క నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను కళ్లు దించలేదు.

"అయితే నేనే వినలేదు" అంది. సార్ వైపు తిరిగి, "దానికి కోపం ఎక్కువే గానీ సార్, అబద్ధం మాత్రం ఆడదు. చెప్పానంటే చెప్పే ఉంటుంది. తప్పు నాదే."

ఇంజినీరు నన్నడిగాడు. "ఎన్నో కిటికీ దగ్గర మార్చావు?"

పదిహేను. పదిహేను అంటే భోజనాలయ్యాక. ఆ పూట నేను ఆమెతో అంకెలు తప్ప ఏమీ మాట్లాడలేదని పొడుగుకి తెలుసు, అందరికీ తెలుసు.

"గుర్తులేదు" అన్నాను.

వడ్రంగామె తలెత్తింది. "నీకు గుర్తులేదా?"

"లేదు."

ఆవిడ చేతిలో ఉన్న సుద్దముక్కని జేబులో వేసుకుంది.

తర్వాత మాట్లాడింది ఇంజినీరుతో. "ఈ కాగితంలో కొంత నిజం, కొంత తప్పు. ఏది ఎక్కడిదాకానో తెలిస్తే ఈ పూటే కోత మొదలుపెడతాను. తెలియకుండా కొయ్యను. చెక్క ఇంతే ఉంది."

మళ్లీ కొలుస్తాం అన్నాడు సార్. ఇంజినీరు ఫైలు మూశాడు. "మీ పిల్లల్ని ఇక పరంజా ఎక్కనివ్వను. అది కూడా రేపు మధ్యాహ్నం విప్పేస్తారు. అల్యూమినియం చట్రాల కంపెనీవాళ్లు పైకెత్తే బండి తెచ్చుకుని వాళ్లే కొలుచుకుంటారు. రేపు ఎనిమిదింటికి వాళ్లకి ఫోన్ చేసేస్తున్నాను."

"మరి నా చెక్క?"

"ఇంకెక్కడైనా పనికొస్తుంది."

ఆవిడ కుంటుకుంటూ షెడ్డులోకి పోయింది. కిందికి దించిన ఆ ఇరుకు చట్రాన్ని తనే వీపున మోసుకుపోయింది. సాయం వెళ్లిన పొడుగుని మోచేత్తో తోసేసింది.

అదే రోజు, నాలుగున్నరకి. బట్టలుతికే గదిలో

మిషన్ తిరుగుతోంది. అందులో నా బట్టలూ అక్క బట్టలూ కలిసే ఉన్నాయి, నేను రాకముందే తను వేసేసింది.

సార్ వరండాలో ఆపాడు. "ఆ నాలుగు నెలలకి నీ పేరే రాస్తున్నానమ్మా. మీ అక్క మీద చాలా నమ్మకం పెట్టుకున్నాను. ఏం చేస్తాం?" చూద్దాం అనలేదు. ఈ వారంలో రెండోసారి.

థాంక్యూ సార్ అన్నాను. అన్నాను.

గదికి వచ్చేసరికి నా దిండు మీద పాస్‌పోర్టు ఉంది. అక్క బీరువాలో తల దూర్చి బట్టలు సర్దుతోంది.

"ఇక్కడ ఉండిపోయేదానివి, ఇది నీ దగ్గరే ఉండాలి" అంది, తల బయటికి తీయకుండా.

నేను పాస్‌పోర్టు సంచిలో పెట్టుకున్నాను.

"పిన్నికి కూడా చెప్పేశాను. మొదట కంగారుపడింది. నేనే అన్నాను, దాన్ని మనం తక్కువ అంచనా వేశాం పిన్నీ అని."

దుప్పటి మడతపెట్టాను.

"ఏదో ఒకటి అనవే. తిట్టు పోనీ."

బట్టలు అయ్యాయేమో చూసొస్తానని ఇక్కడికి వచ్చాను.

అంతలో అమ్మ ఫోన్. "విన్నావా, అక్క నీ గురించి ఎంత బాగా చెప్పిందో! తప్పంతా తన మీద వేసుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, చిటపట చెప్పింది, నేనే వినలేదు అని. పెద్దమ్మ మొహం చెల్లక ఇవాళ ఫోన్ కూడా ఎత్తట్లేదు. చూశావా, అందరూ నీ మంచే కోరతారు. నువ్వే అనవసరంగా అందరి మీదా..."

"అమ్మా, నేను అబద్ధాలు ఆడతానా?"

"అదేం ప్రశ్నే! నీకున్న మంచి గుణం అదొక్కటేగా."

ఇరవై రెండేళ్లుగా వీళ్లు నన్ను తప్పుగా చదువుతున్నారని రాస్తూ వచ్చాను. మెచ్చుకునేటప్పుడు కూడా తప్పుగానే చదువుతారని ఇప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం అక్కకి నేను చెప్పలేదు.

పదిహేనో కిటికీ రెండో అంతస్తులో, పగిలిన మెట్టు పక్కన. టేపు మీద 131 ఉంది. అక్క పెన్ను పట్టుకుని నా నోటివైపు చూస్తోంది. ఫోన్ ఆమె చేతిలో లేదు, సంచిలో ఉంది. నాకు ఇంకా ఆ నవ్వులు చెవిలో ఉన్నాయి. 121 అన్నాను. ఆమె పెదవులు కదిపి 111 రాసింది. రాయడం చూశాను. కాగితం నాకు రెండడుగుల దూరంలో ఉంది. సాయంత్రం భుజం మీదుగా చూసింది మొదటిసారి కాదు. పదిహేను దగ్గరే చూశాను, పదహారు దగ్గర చూశాను, పదిహేడు సార్లూ చూశాను. ప్రతిసారీ హాయిగా ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలతో తప్పు రాస్తోంది, బంగారం. తప్పు చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి తెలియాలి ఆమెకి. అనుకున్నది ఇంతే. చెక్క గురించి అనుకోలేదు.

కాదు. చెక్క గురించి పొద్దునే విన్నాను. ఉన్నది ఇంతే అని ఆవిడ చెప్పగా విన్నాను. నాకన్నీ గుర్తుంటాయి.

ఇప్పుడు నోరు మూసుకుంటే అక్క తప్పుచేసిన మనిషిగా మిగిలిపోతుంది, నేను ఇక్కడ ఉండిపోతాను. షెడ్డులో చెక్క ఉంటుంది, కిటికీల్లో అల్యూమినియం ఉంటుంది. నాలుగు నెలలు ఆవిడ ఎదురుగా తిరగాలి. "నీకు గుర్తులేదా?" అని ఆవిడ మళ్లీ అడగదు. నాకు గుర్తుందని ఆవిడకి తెలుసు.

మిషన్ ఆగింది. అక్క స్వెటర్ నా చున్నీతో మెలిపడి బయటికి వచ్చింది. విడదీసి వేరువేరుగా ఆరేశాను.

మార్చి 7, శుక్రవారం. పొద్దున ఆరుంబావు

ఏడింటికి షెడ్డు తెరుస్తారు. ఎనిమిదింటికి ఇంజినీరు ఫోన్ చేస్తాడు.

వెళ్లి వడ్రంగామెకి చెప్తాను. ఒకటి నుంచి పద్నాలుగు దాకా కాగితంలో ఉన్నవి సరైనవి, అలాగే కొయ్యండి. పదిహేను నుంచి ముప్పై ఒకటి దాకా ప్రతి అంకెకీ పది కలపండి. పరంజా మధ్యాహ్నం దాకా ఉంటుంది, నా మాట నమ్మకపోతే ఎవరినైనా ఎక్కించి పదిహేను, ముప్పై ఒకటి కొలిపించండి. పదిహేను అని అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అక్కడ నాకు కోపం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మార్చాను. నిన్న అడిగితే అబద్ధం చెప్పాను.

ఇదే ఇంజినీరుకీ చెప్తాను, సార్‌కీ చెప్తాను. ఫ్యామిలీ గ్రూపులో నేనే రాస్తాను. నాలుగు నెలలు పోతాయి. సార్ అక్క పేరు రాస్తే రాసుకోనీ.

కోసేసిన ఆ ఒక్క చట్రం చెక్క తిరిగి రాదు. దానికి ఆవిడ ఏం అన్నా నిలబడి వింటాను.

అక్కకి ముందుగా చెప్పను. అందరితోపాటు వింటుంది. సార్‌తో నా గురించి ఆమె అన్న మాట ఆమె అన్నదే, నా తప్పు దాన్ని చెరపలేదు. ఈ వారం ఆమెతో మాట్లాడను. గది మార్చమని తాళాలావిడని అడుగుతాను, తాళంచెవి నా చేతికే ఇవ్వమంటాను.

పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది.